క్రూస్ వాళ్ళమ్మ

తొమాసా దువ్వెన పళ్ళ మధ్య కరిచిపట్టుకుని, మోకాళ్ళ నడుమ కూర్చున్న పిల్ల తల పాయలు తీస్తోంది. చోకో అడవుల్లోంచి దిగే నది ఒడ్డున, చేపల రేవు మెట్ల మీద, చిరుగుల గొడుగు కింద ఆమె కొట్టు. కొట్టంటే ఒక పీట, ఒక కొబ్బరినూనె సీసా. అరవై దాటిన ఒళ్ళు. నల్లటి వేళ్ళు కణుపుల దగ్గర ఉబ్బాయి. అయినా ఒత్తైన ఉంగరాల జుట్టులో ఎక్కడా తడబడవు.

"కదలకే కోతీ. చెవి తెగితే నా పూచీ కాదు."

ఆ రేవులో పెళ్ళికెళ్ళే ఆడదైనా, కాన్పుకెళ్ళే ఆడదైనా ముందు తొమాసా మోకాళ్ళ మధ్య కూర్చోవలసిందే. కాన్పుకెళ్ళేవాళ్ళకి వదులుగా అల్లుతుంది. అల్లుతూ చెవిలో ఒకటే మాట చెబుతుంది: "ఏం చేస్తున్నారో అడుగు. ఒళ్ళు నీది. నోరు విప్పి అడుగు."

ఎందుకలా అంటుందో ఊరికి తెలుసు. తెలిసీ ఎవరూ ఎత్తరు. వయసులో ఉండగా ఆమె కాన్పుకని పడవెక్కి పట్నం ఆసుపత్రికి వెళ్ళింది. మత్తు దిగేసరికి పొట్ట మీద కుట్లున్నాయి. బిడ్డ దక్కలేదన్నారు. గర్భసంచీ తీసేశామన్నారు. "మీ నల్లవాళ్ళకి పిల్లలకేం కొదవ?" అన్నాడు డాక్టరు, ఆమె మొహం చూడకుండానే. బిడ్డని చూపించలేదు. ఆడో మగో కూడా చెప్పలేదు. శవం లేదు గనక ఊళ్ళో చావు జాగారం లేదు, సాగనంపే పాట లేదు. ఖాళీ చేతులతో పడవ దిగిన మనిషిని ఎవరూ పలకరించలేదు. ఏడాది తిరక్కుండా మొగుడు ఇంకొకత్తెను చూసుకున్నాడు. ఆమెకి గొడ్రాలన్న పేరు మిగిలింది.

మధ్యాహ్నం నర్సు లైదా వచ్చింది. ఆ మెట్ల మీద జడలు వేయించుకుని పెరిగిన పిల్లే.

"పెద్దమ్మా, డాక్టరమ్మ మళ్ళీ అడగమంది. కడుపులో గడ్డ పెరుగుతోంది. ఆపరేషన్ చేస్తే ఇంకొన్నాళ్ళు..."

"అడగమందా?"

"అవును, అడగమంది."

తొమాసా వేళ్ళు ఆగాయి. "ఒకప్పుడు అడక్కుండా కోశారు. ఇప్పుడు అడిగారు, సంతోషం. వద్దందని చెప్పు. నొప్పికేమైనా ఉంటే ఇచ్చి పో."

లైదా ముక్కు చీదుకుంది. సంచిలోంచి మాత్రలు తీసి ఆమె చేతిలో పెట్టింది.

ఎండ దిగాక సునిల్దా ఊగుతూ వచ్చింది. ఊళ్ళో ఎవరు పోయినా పాట ఎత్తే గొంతు ఆమెదే.

"వద్దన్నావటగా, మొండిముండా! నీ శవం ముందు నా గొంతు చించుకోమంటావా?"

"నాకు పాడకపోయినా పర్లేదు వదినా. నా బిడ్డకి పాడు."

సునిల్దా ధన్‌మని మెట్టు మీద కూర్చుంది. "ఇన్నేళ్ళూ అడగలేదేమే?"

"మీరెందుకు పాడలేదు?"

సునిల్దా లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. "లే, పద," అంది.

సందె వేళకి తొమాసా ఇల్లు ఆడవాళ్ళతో నిండింది. ఎవరో చెరకు సారా తెచ్చారు, ఎవరో డోలు తెచ్చారు. ఎత్తుకోవడానికి బిడ్డ లేదు గనక లైదా ఒక చిన్న తలగడకి తెల్లగుడ్డ చుట్టి, తన జడలోని నీలం రిబ్బను విప్పి కట్టింది.

"పేరు?" అడిగింది సునిల్దా.

"క్రూస్. ఆడైనా మగైనా సరిపోతుందని పెట్టుకున్నా."

పసివాళ్ళు పోతే అక్కడ ఏడవరు. వాళ్ళు దేవదూతలవుతారని, ఏడిస్తే రెక్కలు తడిసి ఎగరలేరని అంటారు. చప్పట్లు కొడుతూ, పాడుతూ, ఆడుతూ ఆ మూటని చేతులు మార్చుకున్నారు.

"తల! తల వాల్చేస్తున్నావే, పట్టుకో!" అని తొమాసా కేకేసింది. ఇల్లంతా నవ్వింది. ఆఖర్న మూట ఆమెకి అందింది. భుజాన వేసుకుని, ఒక చేత్తో నొప్పి కడుపు అదుముకుంటూ, తనూ నాలుగడుగులు ఆడింది.

"క్రూస్ వాళ్ళమ్మా, అలిసిపోయావు, ఇలా కూర్చో," అంది మూల నుంచి ఓ ముసలామె.

తొమాసా వెంటనే తిరగలేదు. ఆ పిలుపు తననేనని తెలియడానికి కాస్త పట్టింది.

వానలు ముదిరేసరికి ఆమె రేవుకి రావడం మానేసింది. ఒకనాటి పొద్దున తన ఇంట్లో, తన మంచం మీద, సునిల్దా ఒళ్ళో తల పెట్టుకుని పోయింది. సునిల్దా గొంతు చించుకునే పాడింది. పాటలో క్రూస్ తల్లీ అనే పిలిచింది.

తలగడని శవపెట్టెలో ఆమె పక్కన పెట్టాలని కొందరన్నారు. "బిడ్డని సాగనంపేశాం కదా. మళ్ళీ పూడ్చడమేమిటి?" అంది సునిల్దా.

తర్వాత ఆడవాళ్ళు ఇల్లు కడిగి, దుప్పట్లు ఉతికి ఆరేసి, మంచం గోడవారకి జరిపారు. దాని మీది చిన్న తలగడకున్న నీలం రిబ్బను ముడి మాత్రం ఎవరూ విప్పలేదు.