చెంబెడు పసుపు నీళ్లు

మూసాపేటలో ఆంజనేయులు షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. కూర్చున్నానన్న మాటే గానీ, నా చూపంతా మా అబ్బాయి ఓంకార్ కారు మీదే ఉంది. పదమూడేళ్ల పాత పెట్రోలు బండి అది. మూడు రోజులుగా స్టీరింగ్ వెనక పసుపుపచ్చగా ఇంజన్ బొమ్మ దీపం వెలుగుతోంది. రాయదుర్గంలో ఒక కంపెనీ ఉద్యోగులను ఆ కారులోనే వాడు తిప్పుతాడు. పొద్దున గేటు దగ్గర ట్రాన్స్‌పోర్ట్ సారు ఆ దీపం చూసి ఆపేశాడట. సాయంత్రం నాలుగింటి లోపల బాగు చేయించుకుని రాకపోతే నీ రూటు ఇంకో బండికి ఇస్తానన్నాడట.

ఇంట్లో ఉండలేక నేనూ వెంట వచ్చాను. ఎప్పుడో ఫోన్లో చూసిన, నడిరోడ్డు మీద తగలబడుతున్న కారు కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ఆంజనేయులు స్టీరింగ్ కింద స్కానర్ వైరు గుచ్చి చూశాడు.

"మూడో సిలిండర్ల పెట్రోలు సరిగ్గ మండుతలేదు తమ్మీ. దసరాకు ఇంజన్ గిట్ల కడిగినవా?"

"లేదన్నా. పైపైన కడిగిన, బొట్టు పెట్టిన. గంతే."

ఆంజనేయులు నా వైపు చూశాడు. ఊరికే చూశాడో ఏమో. నేను కొంగు సర్దుకున్నాను.

కడిగింది నేనే. పండగనాడు వాడు గుమ్మడికాయ తేవడానికి వెళ్లినప్పుడు బానెట్ ఎత్తాను. బయట రేకుకు బొట్టు పెడితే సరిపోతుందా, బండి ప్రాణం లోపల ఉంటుంది కదా అనిపించింది. చెంబెడు పసుపు నీళ్లు ఇంజన్ మీద పోసి, కుంకుమ చల్లి, నా కొడుకును చల్లగా చూడమని దండం పెట్టుకున్నాను. మర్నాడే దీపం వెలిగింది.

చెప్పాలని నోరు తెరిచాను. వాడి ముఖం చూసి మళ్లీ మూసుకున్నాను.

"గట్లయితే లైటు చెరిపేస్త. జర నడిపి చూడు, మళ్లొస్తే ఇప్పుదాం," అన్నాడు ఆంజనేయులు. "పాత బండ్లు ముసలోళ్ల లెక్క, ఊకె మూలుగుతయి. నిన్నంటలేనమ్మా!"

ఓంకార్ నవ్వాడు. దీపం ఆరింది. అప్పటికి రెండు దాటింది.

ముందు సీట్లో కూర్చుని, దీపం ఆరిన చోటునే చూస్తున్నాను. రాయదుర్గం దారిలో సైబర్ టవర్స్ దాకా బాగానే వచ్చాం. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి రెండుసార్లు ఎగిరిపడింది. దీపం మళ్లీ వచ్చింది. ఈసారి కొట్టుకుంటూ వచ్చింది, వెలుగుతూ ఆరుతూ. వెనక హారన్లు.

"ఓంకారూ, బండి ఆపు బిడ్డా! నేనే పోసిన!"

"ఏం పోసినవే?"

"పసుపు నీళ్లు. ఇంజన్ల."

వాడు ఇండికేటర్ వేశాడు. నెమ్మదిగా ఫ్లైఓవర్ దింపి ఓ పక్కకు ఆపాడు. ఆంజనేయులుకు ఫోన్ చేశాడు. తోలొద్దు, ఇంజన్ బంద్ చెయ్, నేనే వస్తున్నా అన్నాడట అతను.

"గా షెడ్డుల అడిగినప్పుడన్న చెప్పొద్దా అమ్మా?"

"నీకు కోపమొస్తదని గాదు బిడ్డా. నీ బండికి నాతోనే ఏమన్న అయిందంటే..."

ట్రాఫిక్‌లో పడి ఆంజనేయులు స్కూటర్ వచ్చేసరికి మూడున్నర. మూడో సిలిండర్ ప్లగ్ మీద, నిప్పురవ్వకు కరెంటు ఇచ్చే కాయిల్ పీకాడు. కింద ప్లగ్ గుంటలో ఇంకా నీళ్లున్నాయి. పచ్చగా, అంచున కుంకుమ పట్టి ఉన్నాయి. గుడ్డ పుల్లకు చుట్టి అద్దాడు. చెడిన కాయిల్ తీసి వేరేది బిగించాడు. స్కానర్ పెట్టి దీపం చెరిపాడు. ఇంజన్ గుర్రుమనకుండా మెత్తగా తిరిగింది.

"గిదే పని షెడ్డుల అర్ధగంటల అయిపోతుండె," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

నాలుగుంబావుకు ఓంకార్ ట్రాన్స్‌పోర్ట్ సారుకు ఫోన్ చేశాడు. "సార్, అయిపోయింది సార్. లైటు పోయింది. పది నిమిషాలల్ల గేటు కాడుంట." కాసేపు విన్నాడు. "సరే సార్," అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఏమన్నడు బిడ్డా?"

"వేరే బండి పోయిందట. ఇగ రేపటిసంది గదే వస్తదట."

బండిని నల్లగండ్లలో మా ఇంటి వైపు తిప్పాడు.

"అమ్మా, వచ్చే దసరాకు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టు, చాలు," అన్నాడు చివరికి.

తల ఊపాను. ఇల్లు చేరేదాకా దీపం మళ్లీ వెలగలేదు. నేను మాత్రం అక్కడే చూస్తూ కూర్చున్నాను.