గాలి తగలకూడని ఇల్లు

మా ప్లెవ్ల్యా లోయలో చలికాలం వస్తే బొగ్గు కాల్చని ఇల్లుండదు. మా మామ మిలోన్యాకి బొగ్గొక్కటే చాలదు. ఎవరో పారేసిన, రంగు పూసిన చెక్క బీరువా తలుపుల్ని మోసుకొచ్చి, విరిచి పొయ్యిలో కుక్కుతాడు. కళ్ళు మండే ఆ గదిలో కాళ్ళు చాపుకొని, "ఇల్లంటే ఇదీ!" అని మురిసిపోతాడు. ఆ మురిపెం చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

నాలుగేళ్ళ నా కూతురు లెంకాకి రాత్రంతా పిల్లికూతలే. "ఇంట్లో పొగ మానకపోతే పిల్ల దక్కదు" అని డాక్టరమ్మ మొహమ్మీదే చెప్పింది. ఆ మాట మా ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. మా ఆయన రాదోష్ వాళ్ళ నాన్న ముందు నోరు విప్పే రకం కాదు. చివరికి గాలిని శుభ్రం చేసే మిషను నేనే కొనుక్కొచ్చి పిల్ల మంచం పక్కన పెట్టాను.

మిషను గాలి వదులుతుంది. అదే అది చేసిన నేరం. మా అత్త స్తమేనాకి లోకంలో ఒక్కటే శత్రువు, వీచే గాలి. పంటినొప్పి మొదలు కడుపు పండకపోవడం దాకా అన్నిటికీ దాన్నే తిడుతుంది. నేను పనికి గుమ్మం దాటగానే మిషను ఆపేసి, మీద లేసుగుడ్డ కప్పి, పూలకుండీ పెట్టేది.

"ఏమే, పిల్ల మీదకి గాలి వదుల్తావా? దాన్ని చంపేద్దామనా?"

"చంపేది ఆ పొయ్యి, అత్తయ్యా."

"ఆ పొయ్యి దగ్గరే నలుగుర్ని పెంచానే!"

"నలుగురూ ఇప్పటికీ దగ్గుతూనే ఉన్నారుగా."

"అదంతా గాలి తగిలి!"

ఇంత మూర్ఖత్వంతో వాదించి గెలిచినవాళ్ళెవరు?

జనవరిలో ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి లెంకా పెదాలు నీలంగా మారి ఉన్నాయి. ఎగశ్వాస పడుతున్న పిల్లకి అత్త ఇంకో శాలువా చుడుతోంది. మామ ఇంకో చెక్క విరుస్తున్నాడు. వాళ్ళతో మాట్లాడటం కూడా దండగనిపించి, పిల్లని ఎత్తుకుని పరుగెత్తాను.

ఊరి పొగ అందని కొండమీది ఆస్పత్రిలో చేర్చుకున్నారు. మెల్లగా పిల్లికూతలు ఆగాయి. గండం గడిచాక, తీరిగ్గా అత్త వచ్చింది. కోటూ తలగుడ్డా విప్పకుండానే కుర్చీలో కూలబడి, పిల్ల ఊపిరి విని, నా వంక గర్వంగా చూసింది.

"చూశావా? ఇక్కడ గాలి తగలనివ్వరు. అందుకే నిమ్మళించింది."

ఆమె వెనక, మందపాటి తెర చాటున, కిటికీ బార్లా తెరిచి ఉంది. రోజూ పొద్దున్నే నర్సు దాన్ని తెరిచి వెళ్తుంది. ఈ మనిషి నోరు ఇవాళ్టితో మూయించాలని నేను తెర వైపు చెయ్యి చాపాను. లెంకా నా చలికోటు అంచు పట్టుకుని లాగింది. వంగితే చెవిలో గుసగుసగా అంది.

"చెప్పకమ్మా. తెలిస్తే మూసేస్తుంది."