వాషింగ్ మెషిన్ మీద ఆక్టోపస్

భర్త ఓగ్నెన్ చొక్కాలు మెషిన్‌లో వేసి, మీట నొక్కి, దూన్యా కాఫీ పెడుతోంది. అతను పళ్లు తోముకుంటూ వచ్చాడు. "ఇవాళ బల్ల నాకు కావాలి. మా బాస్ పదింటికి మీటింగ్ పెట్టాడు."

"పదింటికి నా మీటింగ్ ఉందని వారం నుంచీ చెబుతున్నాగా!"

"వాళ్లు జర్మన్లు, దూన్యా. సోఫాలోంచి మాట్లాడితే బాగోదు. నీది ఎక్కడైనా చేసుకోగలిగే పనే కదా, బంగారం!"

కసిరితే పోట్లాడొచ్చు. అతను ఎప్పుడూ నవ్వుతూనే అంటాడు. రెండేళ్ల కింద సొంతూరు నోవీ సాద్‌లో ఇల్లు ఖాళీ చేసి, లాప్‌టాప్‌లు పట్టుకుని నచ్చిన ఊళ్లో నచ్చినన్నాళ్లు బతుకుదామని బయల్దేరిన రోజున ఆమె ఎగిరి గంతేసింది. ఇది ఆరో ఊరు, మాంటెనీగ్రోలోని హెర్సెగ్ నోవి. ప్రతి ఊళ్లోనూ ఇల్లు వెతికేది ఆమే, ఇంటివాళ్లతో బేరమాడేది ఆమే, ఉప్పు, సబ్బు ఎక్కడ దొరుకుతాయో కనిపెట్టేదీ ఆమే. ఊరు మాత్రం అతని మీటింగుల వేళలను బట్టి కుదిరేది. ఇంట్లో ఉన్న ఒక్క బల్లా అతనిది. ఆమె మంచం మీద, సోఫా చివర, ఒకచోటైతే ఇస్త్రీ బల్ల మీద పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసింది. "మావాడిది పెద్ద పని తల్లీ. నీ బొమ్మలదేముంది, ఒళ్లో పెట్టుకునైనా వేసుకోవచ్చు," అనేది అత్తగారు ఫోన్‌లో. "అవునత్తయ్యా," అనేది దూన్యా. అన్నాక గంటసేపు తన మీద తనకే మంట.

పదవుతోంది. మూసుకోవడానికి ఇంట్లో మిగిలిన తలుపు బాత్రూమ్‌దొక్కటే. అక్కడున్న మెషిన్ మీద తువ్వాలు పరిచి, లాప్‌టాప్ పెట్టి, టబ్బు అంచున కూర్చుంది.

తెర మీద జాగ్రెబ్ నుంచి ఎడిటరు యాద్రాంకా, పక్కన మరో ఇద్దరు. సముద్రజీవుల మీద పన్నెండు పుస్తకాలు. బొమ్మలు ఎవరు వెయ్యాలో ఇవాళే తేలుతుంది. మొదటి బొమ్మలు దూన్యా భయపడుతూ గబగబా చూపించింది. ఆక్టోపస్ దగ్గరికి వచ్చేసరికి భయం ఎటు పోయిందో పోయింది.

"పిల్లలు ముందు దీని కన్ను చూడాలండీ. అది కూడా తమనే చూస్తోందనిపించాలి," అని చేతులు తిప్పుతూ చెబుతుండగా మెషిన్ గిరగిరా తిరిగి నీళ్లు పిండటం మొదలుపెట్టింది. లాప్‌టాప్ గజగజలాడింది.

"భూకంపమా?" యాద్రాంకా కేకేసింది.

"కాదండీ, మా ఆయన చొక్కాలు!"

అందరూ పకపకా నవ్వారు. దూన్యాకీ నవ్వాగలేదు. లాప్‌టాప్ ఎత్తి ఒళ్లో పెట్టుకునేసరికి వెనక షాంపూ సీసాలు, తడి బట్టలు అన్నీ బయటపడ్డాయి.

"అమ్మాయీ, బాత్రూమ్‌లో ఉన్నావా? ఇంట్లో బల్ల లేదా?"

"ఉందండీ. దాని దగ్గర ఆయన కూర్చున్నాడు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. యాద్రాంకా కళ్లద్దాలు తుడిచి పెట్టుకుంది. "ఆ కన్ను ఇంకోసారి చూపించు." చాలాసేపు చూసింది. పక్కవాళ్లు తలూపారు. "పన్నెండూ నువ్వే వెయ్యి. ఏడాదిన్నర పని."

తెర ఆరిపోగానే దూన్యా తువ్వాలు నోటికి అడ్డుపెట్టుకుని అరిచింది.

ఓగ్నెన్ నిజంగానే సంతోషించాడు. హత్తుకుని, "భలే! భలే!" అన్నాడు. "అన్నట్టు, ఆ మోత మా వాళ్లకి వినపడింది. ఇంకోసారి ఆ వేళకి మెషిన్ వెయ్యకేం. తినడానికేముంది?"

"రొట్టె ఉంది, జున్ను ఉంది," అని చెప్పి ఆమె లాప్‌టాప్ చంకన పెట్టుకుని సముద్రం దాకా మెట్లన్నీ పరుగున దిగింది.

నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యాలి. గట్టు మీద కూర్చుని, అలవాటుగా అతని వేళలు, అతని ఇంటర్నెట్టు, అతని బల్ల అని లెక్కేసుకుంటూ కొత్త ఊళ్లో ఇల్లు వెతకబోయింది. వేళ్లు ఆగాయి. ఎక్కడైనా చేసుకోగలిగే పని! అతను తేలిగ్గా అనేసిన మాటే అయినా అందులో అబద్ధం లేదు. మరి నాకు ఏ ఊరు కావాలి? ఎవరూ అడగలేదు. తనూ తనను అడగలేదు. సముద్రం చూడటం అయిపోయింది. సరస్సు కావాలి. పొద్దున్నే ఈదాలి. ఎవరి కోసమూ వండకుండా గంటలకొద్దీ బొమ్మలు వెయ్యాలి. తనలో తనే నవ్వుకుంటూ ఒక గదికి డబ్బు కట్టేసింది.

ఫోన్ మోగింది. "ఎక్కడున్నావ్? ఏ ఊరు చూశావు మనకి?"

"నీకు నువ్వే చూసుకోవాలి, ఓగ్నెన్. నాకు ఓహ్రిడ్ సరస్సు ఒడ్డున గది దొరికింది."