మధ్య గుట్ట

ఆదిమానవుల ఎముకలు దొరికిన గుహను చూడటానికి వదినామరదళ్లు టిక్కెట్లు కొనుక్కుని వచ్చారు. మరదలు ఒకప్పుడు అక్కడి తవ్వకాల్లోనే ఏడేళ్లు మట్టి జల్లించింది. ఆ సంగతి చెబితే ఊరికే లోపలికి పోనిచ్చేవాళ్లని వదిన దారంతా సణుగుతూనే ఉంది.

గుహ చూపించే అమ్మాయి ఒక గాజుపెట్టె ముందు ఆగింది. లోపల సగం దవడ ఉంది. విరుపు చూస్తే తవ్వకంలోనే విరిగినట్టుందనీ, రెండో సగం ఎంత వెతికినా దొరకలేదనీ చెప్పింది. అందరూ ముందుకు కదిలారు. మరదలు కదల్లేదు.

"ఆ సగం నేనే పారేశానమ్మా" అంది.

అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్లు. పనిలో చేరి నెల కాలేదు. జల్లెడలో మట్టి కరుచుకున్న ముక్క కనబడితే రాయనుకుని, జల్లించి పారబోసిన మట్టిగుట్ట మీదికి విసిరేసింది. మర్నాడు తవ్వకాల పెద్దాయన మిగతా సగం పైకి తీసి, ఆ విరుపు కేసి చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. తను పారేసిందేమిటో అప్పుడర్థమైనా, పని పోతుందన్న భయంతో ఆమె నోరు కుట్టేసుకుంది. ఆయన వేరే గుట్టంతా గాలిస్తుంటే చూస్తూ ఊరుకుంది. మొన్న ఆయన పోయాడని విన్నప్పటినుంచి ముద్ద దిగడం లేదు.

ఇన్నేళ్లూ తనకైనా చెప్పలేదేమని వదిన గొణిగింది.

అమ్మాయి కోప్పడలేదు. ఆ చోటు గుర్తుందా అని మాత్రం అడిగింది. గుహ వెనక గడ్డి మొలిచిన గుట్టలు మూడున్నాయి. మరదలు తడుముకోకుండా మధ్యదాని దగ్గరికి నడిచింది. పొద్దున నీడ పడేది అక్కడేననీ, అందుకే అక్కడ కూర్చునేవాళ్లమనీ చెప్పింది.

వారం తిరక్కుండా జల్లించడానికి రమ్మని ఆమెకే కబురొచ్చింది. వదిన కూడా బయల్దేరింది.

"నీ కళ్లను నమ్మలేం. ఏది రాయో ఏది ఎముకో నేను చూస్తా."

పదకొండు రోజులు జల్లించారు. దవడ ముక్క దొరకలేదు. పన్నెండో రోజు, అరిగిపోయిన పన్ను ఒకటి జల్లెడలో మిగిలింది. అమ్మాయి దాన్ని తీసుకెళ్లి, గాజుపెట్టెలోని దవడకి విరుపు దగ్గరున్న సగం పన్నుగుంటలో ఆనించి చూసింది. అతికినట్టు సరిపోయింది.

మరదలు మట్టిచేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. వదిన ఆమెను ఓదార్చలేదు. జల్లెడ తీసుకుని, తట్టెడు మట్టి పోసి తనే ఊపడం మొదలుపెట్టింది.

"పన్ను దొరికిందంటే దవడ మాత్రం ఎక్కడికి పోతుంది? లే, పట్టు" అంది.