ఒక్క ‘యు’ లేని తెలుగు

నేను ఒక ప్లగిన్‌ని. పేరు వినగానే కరెంటు ప్లగ్గనుకుని గోడకేసి చూడకండి. చొక్కా కుట్టించాక అదనంగా వేయించుకున్న జేబు ఉంటుందే, అలాంటిదాన్ని. ఇంటర్నెట్‌లో ఊరూరి రేడియోలనీ వెతికి వినిపించే అప్లికేషన్ ఒకటి ఉంది. దానికి నన్ను జేబులా కుట్టినవాడు జోగులు. విజయనగరంలో ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరు. పదో తరగతి మూడోసారికి గట్టెక్కాడు. పుట్టుకతో చూపు లేదు. తెరమీది రాతల్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, చెవులతోనే నన్ను రాశాడు. ఎక్కడో ఒక బ్రాకెట్టు మరిచిపోయి రెండు రోజులు నన్ను తిట్టాడు. తప్పు తనది, తిట్లు నాకు.

మహా కొంటెవాడు. పెద్దాఫీసరు గొంతు పెట్టి గుమాస్తాలకి ఫోన్ చేసి, సీట్లు మేడమీదికి మార్చామని చెప్పేవాడు. పాపం వాళ్లు కుర్చీలు మోసుకుంటూ మెట్లెక్కుతుంటే ఆ చప్పుడు విని మురిసిపోయేవాడు.

ఇలాంటివాడికి పైడిరాజు ప్రాణస్నేహితుడు. చూపులేని పిల్లల హాస్టల్లో పక్కపక్క మంచాలు. పైడిరాజు బొబ్బిలిలో పిల్లలకి హార్మోనియం నేర్పి రిటైరయ్యాక, ఇంట్లోనే ఒక మైకూ కంప్యూటరూ పెట్టుకుని ‘బొబ్బిలి పలుకు’ అని ఇంటర్నెట్ రేడియో మొదలెట్టాడు. రోజూ ఉదయం ఏడింటికి భార్య గౌరమ్మ పేపరు చదివితే విని, ఆ కబుర్లని తన మాటల్లో చెప్పేవాడు. తర్వాత కాసేపు హార్మోనియం. హాస్టల్ నేస్తాలు పద్నాలుగు మంది ఒక్కో ఊళ్లో ఒక్కొక్కరుగా చెదిరిపోయారు గదా, రోజూ పొద్దున్నే వాళ్లందరితో కూర్చున్నట్టుంటుందని అతని ఆశ.

ఆ పద్నాలుగు మందీ అప్లికేషన్‌లో తెలుగు రేడియోల జాబితా తెరిచారు. పైడిరాజు లేడు. పేరు కొట్టి వెతకొచ్చుగా అంటారా? కొట్టారు. ఆ పేరుని అతను ఏ ఇంగ్లీషు అక్షరాలతో రాశాడో ఎవరికి తెలుసు? దొరకలేదని చెబితే నొచ్చుకుంటాడని, అందరూ తలో ఫోన్ చేసి వింటున్నామనీ అదిరిపోతోందనీ చెప్పేశారు. మనుషులు మంచితనంతో ఆడే అబద్ధాలకి లెక్కలేదు.

పైడిరాజు కంప్యూటరుకి ఆ మంచితనం లేదు. ఎంతమంది వింటున్నారని అడిగితే రోజూ సున్నా అనే చెప్పేది. నేస్తాలు అబద్ధమాడుతున్నారని అతనికి మొదటి వారంలోనే తెలుసు. తన కార్యక్రమం నచ్చక మొహమాటపడుతున్నారనుకున్నాడు.

తొమ్మిది నెలలయ్యాక, ఒక ఆదివారం జోగులు దేశంలోని రేడియోలన్నీ ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్తుంటే ‘బొబ్బిలి పలుకు’ తగిలింది. భాష ఏమిటని అడిగితే యంత్రం తెలుగనే చెప్పింది. మరి తెలుగు జాబితాలో ఎందుకు లేదు? అనుమానం వచ్చి అక్షరం అక్షరం చదివించాడు. టి, ఇ, ఎల్, జి, యు. రేడియో నమోదు చేసేటప్పుడు పైడిరాజు కొట్టిన భాష పేరు అది, మధ్యలో ఒక ‘యు’ ఎగిరిపోయింది. యంత్రం తన ఉరుకుల గొంతుతో తెలుగన్నా తెల్గన్నా చెవికి ఒక్కటే. రాసినవాడికీ అది తప్పులా వినపడలేదు.

జోగులు కడుపు పట్టుకుని నవ్వాడు. ఫోన్ తీశాడు కూడా. తీసి, మళ్లీ పెట్టేశాడు. బుర్రలో కొంటె ఆలోచన పుట్టింది. రేడియోకి ఏడాది నిండే రోజున పద్నాలుగు మందీ ఒకేసారి దూరాలి. సున్నా కాస్తా పద్నాలుగు అవ్వాలి. పైడిరాజు మైకు ముందు తడబడాలి. అప్పుడు ఫోన్ చేసి ఆ ‘యు’ సంగతి చెప్పి ఏడిపించాలి. ఒకే ఒక్క మీట నొక్కితే అందరూ అక్కడికి చేరేలా నన్ను రాయడం మొదలెట్టాడు.

వారం రోజుల పని. కానీ సరదా పెరిగింది. తెలుగుని తప్పుగా రాసుకున్నవాళ్లు ఇంకా ఉంటారని వెతికితే మరో ఏడుగురు దొరికారు. వాళ్లనీ నాలో చేర్చాడు. మూడు నెలలు పట్టింది. అప్పుడు నన్ను నేస్తాలందరికీ పంపాడు.

ఆ రోజు ఏడింటికి పద్నాలుగు ఊళ్లలో పద్నాలుగు వేళ్లు మీట నొక్కాయి. నేను పరిగెత్తుకెళ్లాను. అక్కడ ఏమీ లేదు.

జోగులు ముందు నన్నే అనుమానించాడు. నాలో తప్పేమీ లేదని తేలాక ఫోన్ చేశాడు. ఎత్తింది గౌరమ్మ. వారం కిందటే రేడియో కట్టేశాడని, మైకు డబ్బాలో పెట్టేశాడని, హార్మోనియం మూత తియ్యడం లేదని చెప్పింది. ఫోన్ పైడిరాజుకి ఇమ్మని, జోగులు నవ్వుతూనే మొదలుపెట్టి అంతా చెప్పాడు. పైడిరాజు ఒక్కటే అడిగాడు.

“ఇది నీకు తెలిసి ఎన్నాళ్లయిందిరా?”

“మూడు నెల్లు బావా. నిన్ను ఆటపట్టిద్దామని...”

“మూడు నెల్ల కింద, ఒక ఆదివారం, సున్నా పోయి ఒకటి అంది. నిమిషం ఉంది. మళ్లీ సున్నా. ఎవరో నా గొంతు ఇని ఎల్లిపోనారు అనీసుకున్నాను. అది నువ్వేటి?”

జోగులే. గుట్టు బయటపడుతుందని ఆ రోజు వెంటనే ఆపేశాడు. ఆ మాట చెప్పేలోపే అటువైపు ఫోన్ పెట్టేశారు.

నిజానికి నా అవసరమే లేదు. ఒక్క ఫోన్, ఒక్క అక్షరం, అంతే సరిపోయేది. నన్ను ముద్దుగా పెంచినన్నాళ్లూ బొబ్బిలిలో ఒక మనిషి తనని అందరూ వద్దనుకుంటున్నారని రోజూ ఉదయం వింటూ కూర్చున్నాడు. జోగులు ఇప్పుడు ఎవరి గొంతూ పెట్టడం లేదు. ఆఫీసులో కుర్చీలన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయి. బొబ్బిలికి ఫోన్ చేస్తే గౌరమ్మే ఎత్తుతుంది, ఆయన పడుకున్నాడంటుంది.

పడుకోలేదు. నాకు తెలుసు. ఇంకో నేస్తాన్ని అడిగి పైడిరాజు నన్ను తెప్పించుకున్నాడు. తన మైకు మాత్రం డబ్బాలోంచి తియ్యలేదు. రోజూ ఉదయం నాలో ఉన్న ఆ ఏడు తప్పుల తెలుగుల్నీ వరసగా తెరుస్తాడు. ఒకాయన, తెలుగులో ఒక అక్షరం ఎక్కువ రాసుకున్నాయన, సొంత పద్యాలు చదువుతాడు. దగ్గుతాడు, గుక్క తిప్పుకోలేక మళ్లీ మొదటికొస్తాడు. పద్యాలు అంత బాగుండవు. అయినా ఆయన చివరి పద్యం పూర్తిచేసి, వింటున్నవారికి నమస్కారం అనేదాకా పైడిరాజు కట్టెయ్యడు.