పద్ధతిగల నలభై రెండు

ఆ దర్జీ దుకాణంలో కత్తెర పట్టేది ఆమె. కొలతలు తీసేది మాత్రం ఆమె కాదు. నాన్న పోయాక కోత బల్ల ఆమె చేతికొచ్చింది, దుకాణం బాబాయి చేతికెళ్లింది. ఆ వారమే బాబాయి మధ్యలో ఒక పరదా కట్టించాడు. ఆడపిల్ల పరాయి మగవాళ్ల ఒంటి మీద టేపు వేయడం పద్ధతి కాదట. అందుకని ముందు గదిలో బాబాయి అల్లుడు, అంటే ఆమె చెల్లెలి మొగుడు, కొలిచి అంకెలు పైకి చదువుతాడు, పరదా వెనక ఆమె చీటీ మీద రాసుకుని గుడ్డ కోస్తుంది. ఆరేళ్లుగా ఇదే వరస.

పద్ధతి అనే మాటను ఆ ఇంట్లో ఉప్పులా అన్నిట్లోనూ వేస్తారు. ఆమె గట్టిగా నవ్వితే పద్ధతి కాదు, ఎదురు చెబితే పద్ధతి కాదు, కిటికీ దగ్గర నిలబడితే అసలే కాదు. బాబాయి మధ్యాహ్నం వచ్చినవాళ్ల ముందే గురక పెడితే మాత్రం పాపం, అది అలసట.

అల్లుడు చెడ్డవాడేం కాదు, ఉత్త మొహమాటస్తుడు. పెద్దమనుషుల పొట్ట కొలత పైకి చదవాలంటే అతనికి నోరు రాదు. నలభై నాలుగు ఉంటే నలభై రెండంటాడు. ఆ సంగతి ఆమె మొదటి నెలలోనే కనిపెట్టింది. అతని గొంతు తగ్గిందంటే వచ్చినవాడు గొప్పవాడని లెక్క. కిక్కురుమనకుండా రెండు అంగుళాలు కలిపి కోసేది. ఊళ్లో పెద్దల బొత్తాలు ఊడకుండా కాపాడింది ఆమె, పద్ధతైన పనివాడని పేరొచ్చింది అతనికి.

ఆ రోజు కాలేజీ ప్రిన్సిపాల్ గారు తన కోటు వేసి చూసుకోవడానికి వచ్చారు. మర్నాడే ఆయన పదవీ విరమణ సభ. ఎంత ఊపిరి బిగబట్టినా బొత్తానికీ కాజాకీ మధ్య మూడు వేళ్ల ఎడం. బాబాయి పరదా లాగి ఆమెను ముందుకు పిలిచాడు. తప్పు కత్తెరదేనన్నాడు. సారుకి క్షమాపణ చెప్పమన్నాడు, లేకపోతే కత్తెర అక్కడ పెట్టేసి ఇంటికెళ్లమన్నాడు. తమ వంతు కోసం బెంచీ మీద కూర్చుని ఉన్న ముగ్గురూ వింటూనే ఉన్నారు. అల్లుడు నేల చూపులు చూశాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది, భయమూ వేసింది. ఈ పని పోతే ఇంకో చోట ఎవరిస్తారు? పరదా వెనక ఉన్న పనితనం ఎవరికీ తెలియదు కదా. ఒక్క మాట, క్షమించండి అంటే చాలు, కత్తెర దక్కుతుంది.

ఆ మాట అనకుండా అల్లుడి మెడలోని టేపు లాక్కుంది. కాస్త చేతులెత్తమని ప్రిన్సిపాల్ గారిని అడిగింది. ఆయన బిత్తరపోయి, అన్నేళ్లు పిల్లల చేత చేతులెత్తించిన ఆయన ఇప్పుడు తానే ఎత్తారు. టేపు చుట్టి, వీధిలోకి వినబడేలా చదివింది.

"నలభై ఏడు."

తర్వాత చీటీ తెచ్చి చూపించింది. అందులో నలభై రెండని ఉంది. ఈసారి అల్లుడికి గౌరవం మరీ ఎక్కువైనట్టుంది. ప్రిన్సిపాల్ గారు చీటీని తిప్పి తిప్పి చూశారు.

"నలభై రెండు నా పెళ్లప్పటి మాటమ్మా," అన్నారు.

కుట్టు లోపల రెండు పక్కలా గుడ్డ వదిలానని, సాయంత్రానికల్లా సరిచేసి ఇస్తానని ఆమె చెప్పింది. ఆయన తలూపి కుర్చీలో కూర్చున్నారు. బాబాయి మొహం మాత్రం కందగడ్డలా అయింది.

"నీకు పద్ధతీ పాడూ లేవా? మర్యాదగా లోపలికెళ్లు. జరిగింది మర్చిపోతాను."

"లేవనే అనుకో బాబాయ్. నాకు పద్ధతి తెలీదని ఊరంతా చెప్పుకో. కొయ్యడం తెలీదని మాత్రం ఇంకోసారి అన్నావంటే ఊరుకోను."

ఆమె లోపలికి వెళ్లలేదు. బెంచీ మీదున్న ముగ్గురి వైపు తిరిగి, తర్వాత ఎవరండీ అని అడిగింది. వాళ్లలో ఒక లారీ డ్రైవరు లేచాడు. బాబాయిని చూశాడు, అల్లుణ్ణి చూశాడు, వచ్చి ఆమె ముందు నిలబడి చేతులెత్తాడు.

ఆమె టేపు వేసి అంకె చదివింది.

"రాసుకో మరిదీ," అంది.