ఎనిమిది చక్రాలు, తొమ్మిది నొక్కులు

మీరా హుస్సేన్ రేకుల పైకప్పు కిందున్న ఇనుప గొట్టానికి రెండు పాత ట్యూబులు కట్టి, వాటిలో సైకిలును వేలాడదీశాడు. వెనక చక్రం నేలకు జానెడు ఎత్తులో ఆగింది. ఒక చేత్తో పెడలు తిప్పుతూ, రెండో చేత్తో హ్యాండిలు మీది లివరు నొక్కాడు. చైను ఒక పళ్ల చక్రం మీంచి పక్కదాని మీదికి చక్కగా ఎక్కింది. మళ్లీ నొక్కాడు. ఎక్కింది. నాలుగోసారి తడబడింది. ఐదోసారి గరగరలాడింది. ఆరోసారి రెండు చక్రాల మధ్య ఇరుక్కుని, ఎటు పోవాలో తెలియక టకటకా కొట్టుకుంది.

పక్కన టీకొట్టు నడిపే జాన్ బాషా గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“పొద్దున్నుంచీ ఇదే పాట. ఇయ్యాల కూడా ఇంత కష్టం అవసరమా అన్నా?”

ఇయ్యాల అని జాన్ బాషా ఎందుకన్నాడో ఇద్దరికీ తెలుసు. మంగళగిరి పాత బస్టాండు రోడ్డులో నలభై రెండేళ్లుగా ఉన్న ఆ సైకిల్ షాపుకు అది చివరి రోజు. స్థలం సుబ్బరావమ్మది. ఆఫీసులకు అద్దెకివ్వడానికి మూడంతస్తులు కట్టుకుంటోంది. ఆ మాట చెప్పడానికి మొహమాటపడి ఆమె ఏడాది జాప్యం చేసింది. చివరికి హుస్సేనే సంగతి తెలిసి, రంజాన్ వెళ్లాక ఖాళీ చేస్తానమ్మా అని తనే వెళ్లి చెప్పి వచ్చాడు. ఆమె కళ్లు తుడుచుకుని, వద్దంటున్నా వినకుండా గంపెడు మామిడికాయలిచ్చి పంపింది.

హుస్సేన్‌కు అరవై మూడేళ్లు. సన్నటి మనిషి. ఎప్పుడూ నేల మీద ఏదో వెతుకుతున్నట్టు కాస్త ముందుకు వంగి ఉంటాడు. ఎడమ బొటనవేలి గోరు కుర్రతనంలోనే చైనులో పడి పోయింది. అరచేతి గీతల్లోని నలుపు ఎన్ని సబ్బులు అరగదీసినా వదల్లేదు. పెళ్లయిన కొత్తలో భార్య నసీమున్నీసా ఆ చెయ్యి పట్టుకు చూసి, చెయ్యి చూసి జాతకం చెప్పేవాడికి మీ దగ్గర కళ్లజోడు కూడా అక్కర్లేదని నవ్వింది. మగ్గాల వాళ్ల సైకిళ్లు, పాలవాళ్ల సైకిళ్లు, పోస్టుమాన్ల సైకిళ్లు అన్నీ ఆ చేతుల కిందికే వచ్చాయి. తర్వాత మోటారు బళ్లొచ్చాయి. ఈ మధ్య వస్తున్నవి పిల్లల బుల్లి సైకిళ్లే.

గేర్ల సైకిలు మాత్రం అతను విప్పడం ఇదే మొదలు.

దాన్ని తెచ్చిన స్తుతి తుళ్లూరు దగ్గర హైస్కూల్లో లెక్కల టీచరు. ఉద్యోగం మారి ఊరు వదిలిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నది. మర్నాడు ఆదివారం దూరపు సైకిలు సవారీ పోటీ. తెల్లవారుజామున అయిదింటికి మంగళగిరి నుంచి బయల్దేరి మేదరమెట్ల దాకా వెళ్లి తిరిగి రావాలి. రెండు వందల కిలోమీటర్లు, పదమూడున్నర గంటల గడువు. కిందటేడు అరువు సైకిలు మీద బయల్దేరితే చిలకలూరిపేట దగ్గర చైను తెగి, మిర్చి బస్తాల లారీలో కూర్చుని తుమ్ముకుంటూ ఇంటికొచ్చింది. స్టాఫ్ రూములో ఆ తుమ్ముల గురించి ఇప్పటికీ అడుగుతారు. ఈసారి వెళ్లి రాకపోతే ఇక జన్మలో సైకిలు మాట ఎత్తనని నిన్న సాయంత్రం హుస్సేన్‌తో అంది. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు పెదాల దాకానే వచ్చింది. విజయవాడలో చూపిస్తే, ఇందులో ముందు సామాను ఒక రకం, వెనక సామాను ఒక రకం, మొత్తం మార్చాలి, వారం పడుతుందన్నారట.

ఆ మాట నిజమేనని హుస్సేన్‌కు పదకొండు గంటలకు అర్థమైంది. లివరు నొక్కుతూ అది ఆగే చోట్లు లెక్కపెట్టాడు. తొమ్మిది. వెనక పళ్ల చక్రాలు లెక్కపెట్టాడు. ఎనిమిది. తొమ్మిది చక్రాల బండికి చేసిన లివరును ఎవరో ఎనిమిది చక్రాల బండికి తగిలించారు.

క్యాలెండరు కాగితం చింపి పెన్సిలుతో ఎనిమిది చక్రాలకూ ఎనిమిది గీతలు గీశాడు. వాటి కింద, ఒక్కో నొక్కుకు చైను ఎక్కడ ఆగుతోందో అక్కడ ఇంకో వరస గీశాడు. మొదటి గీతలు రెండూ కలిశాయి. తర్వాత కింది వరస కొంచెం కొంచెంగా వెనకబడుతూ పోయింది. చివరి గీత దగ్గరకొచ్చేసరికి దాదాపు ముప్పాతిక చక్రం తేడా. చైనును పక్కకు నెట్టే ఇనుప చెయ్యి ప్రతి నొక్కుకూ కాస్త తక్కువ జరుగుతోంది. మరలు బిగిస్తే ఒక కొస కుదిరి, రెండో కొస చెడుతోంది.

మధ్యాహ్నం నసీమున్నీసా క్యారేజీ తెచ్చింది. సామాను సర్దించడానికి వచ్చిన ఆమె, అతను సర్దింది ఏమీ లేకపోవడం చూసి, తనే స్పానర్లు పాత తువ్వాల్లో చుట్టడం మొదలుపెట్టింది. హుస్సేన్ పప్పన్నం కలుపుతూ వేలాడుతున్న సైకిలు వైపే చూశాడు.

“క్రీస్తుదాసు గారి కూతురిదే కదండీ అది?” అంది ఆమె. “పాపం, ఆయన మోకాలు వంగకపోయినా ఎన్నేళ్లు తొక్కాడు!”

హుస్సేన్ చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది.

క్రీస్తుదాసు ఊరూరా తిరిగి బైబిలు వాక్యం చెప్పే మనిషి. ఎద్దు తన్నిన దగ్గర్నుంచి ఎడమ మోకాలు సగమే వంగేది. ఇక సైకిలు అమ్మేస్తానని వస్తే, హుస్సేన్ ఆ వైపు పెడలు విప్పి, దాని ఇనుప కడ్డీకి ఇరుసు దగ్గరగా ఇంకో చిల్లు వేసి అక్కడ బిగించాడు. కాలు చిన్న సున్నా చుడితే చాలు, చక్రం మాత్రం పూర్తిగా తిరిగేది. ఇరుసుకు దగ్గరైతే కొద్దిపాటి కదలికే ఎక్కువ తిప్పుతుంది.

చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా లేచాడు. లివరు నుంచి వచ్చే కేబులును ఇనుప చేతికి పట్టి ఉంచే బోల్టు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. కేబులు బోల్టుకు అవతలి పక్క నుంచి వెళ్తోంది. ఎలన్ కీతో వదులు చేసి, దాన్ని ఇవతలి పక్కకు, ఇనుప చెయ్యి తిరిగే కీలుకు దగ్గరగా తెచ్చి బిగించాడు. తేడా బియ్యపు గింజంత. పెడలు తిప్పాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదు గరగరలాడలేదు. ఆరు. ఏడు. ఎనిమిది.

నసీమున్నీసా తువ్వాలు ముడి వేస్తూ ఆగింది. అతను మళ్లీ మొదటి నుంచి చివరి దాకా, చివరి నుంచి మొదటి దాకా తిప్పి వినిపించాడు. బాగుందని ఆమె తలూపింది. అన్నం చల్లారిందని కూడా చెప్పింది.

నాలుగింటికి స్తుతి వచ్చింది. అతను క్యాలెండరు కాగితం చూపిస్తే రెండు వరసల గీతల్నీ వేలితో కొలిచి, పదికి ఒక వంతు తేడా అని తేల్చింది. బోల్టు దగ్గర వంగి, కేబులు మారిన చోటును వేలితో తాకింది.

“ఇది మేం తొమ్మిదో తరగతిలో చెప్పే నిష్పత్తి బాబాయ్. బోర్డు మీద చెప్పడమే గానీ ఎప్పుడూ ముట్టుకోలేదు.”

“మీ నాన్న మోకాలే చెప్పింది, నాదేం లేదు,” అన్నాడు హుస్సేన్. “ఎనిమిది దాకానే నొక్కు తల్లీ. తొమ్మిదోది ఉత్తది. దాన్ని పట్టించుకోకు.”

ఆదివారం ఆరాధన ఎగ్గొడుతున్నానని నాన్న రెండు రోజులు ముభావంగా ఉన్నాడనీ, నిన్న రాత్రి మాత్రం చైను తెగకూడదని పేరుపెట్టి ప్రార్థన చేశాడనీ ఆమె చెప్పింది.

ఇచ్చే ముందు ఒకసారి తొక్కి చూడాలి. అది అతని అలవాటు. నలభై రెండేళ్లలో ఊళ్లోవాళ్ల సైకిళ్లన్నీ తొక్కాడు. ప్రతిదాన్నీ మలుపు దాకా, మళ్లీ షాపు దాకా. సొంత సైకిలు ఎప్పుడూ లేదు. ఇంటికి నడిచే వెళ్లేవాడు. ప్యాంటు మడిచి, కిందికి వంగిన ఆ హ్యాండిలు పట్టుకుని, నవ్వుతున్న జాన్ బాషాను పట్టించుకోకుండా ఎక్కాడు.

మలుపు దగ్గర అతను వెనక్కి తిరగలేదు.

అయిదు నిమిషాలు చూశారు. పది నిమిషాలు. నసీమున్నీసా రోడ్డు మధ్యకు వచ్చి నిలబడింది. జాన్ బాషా టీకొట్టు కట్టేసి వెతకడానికి మోటారు సైకిలు తీశాడు. ఇరవై నిమిషాలకు, గాలిగోపురం వైపు నుంచి, ఆటోను దాటేసి వస్తూ కనిపించాడు హుస్సేన్. చొక్కా గాలికి బుడగలా ఉబ్బింది. కళ్లజోడు నుదుటి మీదికి ఎక్కింది. దిగేసరికి రొప్పుతున్నాడు.

“హైవే దాకా పోయా,” అన్నాడు భార్యతో, బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లాడిలా. “ఎనిమిదోది వేస్తే ఆగబుద్ధి కాలేదు.”

రేపు రాగానే ముందు ఇక్కడికే వచ్చి చెప్తానంది స్తుతి.

“ఇక్కడికి కాదమ్మా. ఇంటికి రా. ఇయ్యాల్టితో షాపు తీసేస్తున్నా.”

ఆమె తువ్వాలు మూటను, ఖాళీ గోడ మేకులను అప్పుడు చూసింది. ఏదో అనబోయింది. అతను సైకిలు సీటు తట్టి, టైర్లలో గాలి తెల్లారి ఇంకోసారి చూసుకోమన్నాడు. పొద్దు వాలకముందే ఆటోలో మూటలెక్కించి, జాన్ బాషాతో ఆఖరి టీ తాగి, భార్యాభర్తలిద్దరూ వెళ్లిపోయారు.

ఆదివారం సాయంత్రం, గడువుకు ఇంకా ఇరవై రెండు నిమిషాలు మిగిలి ఉండగా స్తుతి వచ్చేసింది. ముఖం మీద ఉప్పు చారలు కట్టి ఉన్నాయి. ఒళ్లంతా పండు మిరపకాయలా ఎర్రబడింది. అతను చెప్పింది మరచి, నేరుగా పాత బస్టాండు రోడ్డుకే తొక్కింది. అక్కడ రేకులు లేవు, గొట్టాలు లేవు. సుబ్బరావమ్మ మనుషులు పొద్దున్నే విప్పుకుపోయారు. సైకిలు మీద నుంచి దిగకుండానే ఫోను చేసి, గెలిచాను బాబాయ్ అంది. అటు నుంచి హుస్సేన్ ముందు చైను సంగతే అడిగాడు. తర్వాత, మీ పిన్ని సేమ్యా చేసింది, తొందరగా రా అన్నాడు.

ఆమె సైకిలు తిప్పుకుంది. ఆ ఖాళీ స్థలంలో, హుస్సేన్ సామాను పెట్టి కొట్టడానికి ఎప్పుడో పాతుకున్న, నేలలోకి మూరెడు దిగి ఎవరికీ పెకలించడానికి వీలుకాని రైలు పట్టా ముక్క ఒకటి నిలిచి ఉంది. నలభై రెండేళ్ల సుత్తి దెబ్బలకు దాని తల, అరచేతి వెడల్పున, వెండిలా మెరుస్తోంది.